ఖాళీగా పోని గిన్నె

మా మేనత్త దినాలు అయిపోయి, వచ్చిన చుట్టాలు ఎవరి దారిన వాళ్లు వెళ్లాక, లింబాయత్‌లో ఆమె ఉన్న గది ఖాళీ చేసే పని నా మీద పడింది. ఖాళీ చేయడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. నాలుగు చీరలు, నూలు కండెలు చుట్టే పాత రాట్నం, సగం సగం మిగిలిన దగ్గు మందు సీసాలు. మంచం కింద, ఉతికి మడతపెట్టిన దుప్పటిలో చుట్టి, ఒక ఇత్తడి గిన్నె. మూతకు ఒక పక్క సొట్ట, పిడి దగ్గర అతుకు. మా అబ్బాయి దాన్ని పైకెత్తి చూసి, "అమ్మా, పీతల్ లెక్కుంది. భంగార్‌వాలాకు ఇచ్చేద్దామా?" అన్నాడు. సూరత్‌లో పుట్టి పెరిగినవాడు, పాత సామానంతా వాడికి భంగారే. నేను ఆ గిన్నెను వాడి చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. అది మాది కాదని చెప్పాను. మరి ఎవరిదని వాడు అడగలేదు. అడిగితే చెప్పే ఓపిక ఆ రోజు నాకూ లేదు.

అది జీవణ్ కాకా వాళ్ల గిన్నె. నా చిన్నతనంలో మేం లింబాయత్‌లో కాదు, పల్సానా శివారులో ఉండేవాళ్లం. అప్పటికి పల్సానా అంటే ఇప్పటి పొగగొట్టాల పల్సానా కాదు. పశువుల మీద బతికే చిన్న ఊరు. ఊరి చివర జీవణ్ కాకా వాళ్ల భర్వాడుల వాడ ఉండేది. తరతరాలుగా బర్రెలు, ఆవులు మేపుకుని బతికే మనుషులు వాళ్లు. ఆ వాడను ఆనుకుని ఎవరో సేఠు మరమగ్గాల షెడ్డు వేశాడు. మగ్గాలు నడపడానికి మా తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన నేతగాళ్లకు షెడ్డు పక్కనే వరసగా గదులు కట్టించాడు. మా గదులకూ వాళ్ల పశువుల కొట్టానికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటి. ఆ గోడకు ఇవతల నూలుకు పెట్టిన గంజి వాసన, యంత్రాల నూనె వాసన. అవతల పేడ, నానబెట్టిన గానుగ చెక్క, పిడకల పొగ, పచ్చి పాలు. నేను ఈ రెండు వాసనల మధ్య పెరిగాను. ఇప్పటికీ ఎక్కడైనా ఈ రెండూ ఒకేసారి ముక్కుకు తగిలితే నాకు ఆకలేస్తుంది.

మగ్గాలు కొత్తగా పెట్టినప్పుడు ఆ చప్పుడుకు బెదిరి బర్రెలు పాలు చేపలేదట. వాడలోని ఆడవాళ్లంతా వచ్చి షెడ్డు ముందు కూర్చుని సేఠును తిట్టిపోశారట. కొన్నాళ్లకు వాటికి ఆ చప్పుడే అలవాటై, కరెంటు పోయి మగ్గాలు ఆగితే పాలివ్వడం మానేసేవి. అప్పుడు జీవణ్ కాకా తల్లి, మేమందరం 'బా' అని పిలిచే ముసలామె, గోడ మీది నుంచి మా బాపును కేకేసి, "ఓ రాజన్నా, నీ మిషన్ చాలూ కరో, మేరీ భేంస్ రూఠ్ గయీ" అనేది. మిషన్ నడుపు, నా బర్రె అలిగింది అని. బాపు అంటే మా నాన్న. కరెంటు ఆయన చేతిలో ఉన్నట్టే, "ఆయా బా, జర ఠైరో" అని, వస్తున్నా కాస్త ఆగమని జవాబిచ్చేవాడు. ఆ ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సగం కూడా రాదు. ఇద్దరూ హిందీని చెరోపక్క నుంచి పీకి వాడుకునేవారు.

రాజవ్వ అత్త మా బాపుకు చెల్లెలు. పెళ్లయిన రెండో ఏటనే మొగుడు పోయాడు. పోయిన రోజు ఆమెకు కంట్లో నీళ్లు రాలేదని అత్తగారు ఊరంతా చెప్పుకుందట. మా వైపు చావింట్లో ఆడవాళ్లు ఊరికే ఏడవరు. శోకం పెట్టి ఏడుస్తారు. పోయినవాళ్లు తనకు ఏమవుతారో ఆ వరస పెట్టి, దానికి తగ్గ మాటలు కట్టి, రాగం తీసి ఏడుస్తారు. చెల్లెలి ఏడుపు వేరు, తల్లి ఏడుపు వేరు, భార్య ఏడుపు వేరు. కళ్లు మూసుకుని వింటే చాలు, ఏడ్చేదెవరో తెలిసిపోతుంది. అత్త మొగుడి శవం దగ్గర గోడకానుకుని కూర్చుంది తప్ప ఒక్క మాట కట్టలేదు. రాతి గుండెదని పేరు పడింది. ఆ పేరు మోసుకుంటూ అత్తగారింటి బర్రెల చాకిరీ కొన్నేళ్లు చేసి, చివరికి మా బాపు వెళ్లి తీసుకొస్తే సూరత్ వచ్చింది.

కండెలు చుట్టే పనిలో పెట్టారు. నూలు దుమ్ము ఆమెకు పడలేదు. పొద్దంతా దగ్గు. సాయంత్రం గోడ దగ్గర నిలబడి అవతలి గాలి పీల్చుకునేది. పేడ కంపు కూడా హాయిగా ఉందని ఆమె అంటే మా అవ్వ, అంటే మా అమ్మ, నవ్వేది. ఒకరోజు జీవణ్ కాకా బర్రె ఒకటి దూడ చచ్చిపోయి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా తన్నుతోంది. బా, కాకా, వాడలోని మొనగాళ్లు అందరూ ఓడిపోయి కూర్చున్నారు. అత్త ఎవరినీ అడగలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని గోడ దాటింది. బర్రె డొక్కకు నుదురు ఆనించి, "నా తల్లీ, నాకెరుకనే, నాకెరుకనే" అంటూ దానికి మాత్రమే వినబడేలా ఏదో చెబుతూ నిలబడింది. చాలాసేపటికి బర్రె చేపింది. జీవణ్ కాకా గిన్నె అందించాడు. అదే ఈ గిన్నె.

కాకాకు అప్పటికి భార్య లేదు. కాన్పులో పోయింది, చంటి కొడుకును బా పెంచుతోంది. పొడుగ్గా, ఎముకల మనిషి, చెవికి పోగు, నెత్తిన ఎర్ర పాగా. మాట తక్కువ. ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం అత్త పాలు పిండడానికి వెళ్లేది. దాంతో దగ్గు తగ్గింది, ఒళ్లు కాస్త కోలుకుంది. వాళ్లిద్దరూ మాట్లాడుకోగా నేను ఎక్కువ వినలేదు. ఆమె ఒక బర్రె దగ్గర, ఆయన ఇంకో బర్రె దగ్గర, మధ్యలో పాలధారల చప్పుడు. బర్రె ఈనితే జున్నుపాలు ఈ గిన్నెలో పోసి ఆయనే గోడ మీద పెట్టేవాడు. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం మా ఇళ్లలో తప్పు. అత్త దాని నిండా సర్వపిండి పెట్టి పంపేది. బియ్యప్పిండిలో పల్లీలు, శనగపప్పు, చేతినిండా నువ్వులు వేసి, గిన్నెకు అద్ది కాల్చిన సర్వపిండి. గిన్నె మళ్లీ పాలతో వచ్చేది. వాళ్లకూ ఇచ్చిన గిన్నె ఖాళీగా పంపే అలవాటు లేదు. అలా ఆ గిన్నె గోడ మీద ఇటూ అటూ తిరుగుతూనే ఉండేది, దాని తిరుగుడు ఏమిటని ఎవరూ ఆలోచించలేదు.

ఆ ఏడు వానల్లో జీవణ్ కాకాకు జ్వరం పట్టుకుంది. మంచం దిగలేదు. ఆయన బతకడని మా గదుల్లో గుసగుసలు మొదలయ్యాయి. అత్త బర్రెల దగ్గరికి వెళ్లేది, వచ్చేది, అన్నం మాత్రం ముట్టేది కాదు. మా అవ్వ బతిమాలితే, "ఆకలైతలేదొదినా" అనేది. అలా ఉండగా ఒక పొద్దున మగ్గాల చప్పుడులో గోడ అవతల నుంచి బా గొంతు వినబడింది. గుండెలు పగిలేలా అరుస్తోంది. "పాడీ ఆవీ! ఓ రాజన్నా, పాడీ ఆవీ!"

గుజరాతీలో పాడీ అంటే బర్రెకు పుట్టిన ఆడదూడ, ఆవీ అంటే వచ్చింది. ఆడదూడ పుట్టడమంటే ఆ వాడలో పండగ. ముసలామె ఆ సంతోషం పట్టలేక అరుస్తోంది. ఆ పళ్లులేని నోట, ఆ మగ్గాల హోరులో, చివరి అక్షరం ఎటో పోయి మాకు వినబడింది పాడె. పక్కింట్లో చావుబతుకుల్లో మనిషి ఉన్నాడు, తల్లి పాడె పాడె అని అరుస్తోంది. మా వాళ్లకు ఇంకో అర్థం ఎలా తోస్తుంది? చావుకు పిలుపులు ఉండవు. చెవిన పడగానే లేచిపోవాలి. బాపు గుమ్మం ముందు బట్టలారేసే వెదురుబొంగు విప్పాడు. ఒకాయన తాడు తెచ్చాడు, ఇంకొకాయన మగ్గం మీది తెల్లగుడ్డ బారెడు చింపుకొచ్చాడు. మా అవ్వ కుండ కోసం వెతుకుతోంది. అందరూ గేటు వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్లేసరికి అత్త అప్పటికే గోడ దూకి పోయింది.

ఆమె ఏడుపు మాకు ముందే వినబడింది. జుట్టు విరబోసుకుని, పేడలో కూలబడి, రొమ్ము బాదుకుంటూ రాగం తీస్తోంది. "నన్నెవలికప్పజెప్పి పోతివయ్యా, నన్నెవలికప్పజెప్పి పోతివీ." ఆ మాట చెల్లెలు అనదు. తల్లి అనదు. ఇరుగుపొరుగు అసలే అనరు. అది పెనిమిటి పోయిన ఆడది కట్టే మాట. సొంత మొగుడికి కట్టని మాట. మా వాళ్లందరూ వెదుర్లతో, తాడుతో, గుడ్డతో అక్కడికక్కడే నిలబడిపోయారు. ఎదురుగా కొట్టంలో జీవణ్ కాకా, తలకు కంబళి చుట్టుకుని, జ్వరంతో ఊగుతూ, అప్పుడే పుట్టిన దూడను ఒడిలో పెట్టుకుని అత్త వంక చూస్తున్నాడు. ఆయనకు తెలుగు రాదు. ఆ ఏడుపుకు భాష అక్కర్లేదు.

బా ఏమీ తెలియక, తెల్లగుడ్డ తెచ్చినాయన చేతిలోంచి దాన్ని తీసుకుని, "బహు సారూ, బహు సారూ", చాలా మంచిదంటూ దూడను తుడవడం మొదలుపెట్టింది. దూడకు కానుక తెచ్చారనుకుంది పాపం. అప్పుడు ఎవరో ఫక్కున నవ్వారు. ఒకరిని చూసి ఒకరు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బాపు మాత్రం నవ్వలేదు. బాపు ముఖం చూశాక ఒక్కొక్కరి నవ్వూ ఆగిపోయింది. అత్త కళ్లు తెరిచి బతికున్న మనిషిని చూసింది, తర్వాత చుట్టూ మమ్మల్ని చూసింది. చీర కొంగు తల మీదికి లాక్కుని లేచి, ఎవరి వైపూ చూడకుండా గదిలోకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం బాపు గొంతు పెంచలేదు. "ఎందుకే గట్ల జేసినవ్?" అన్నాడు.

"నేనేం తప్పు జేసిననన్నా? ఏడ్శిన, గంతే."

"ఏడిస్తే ఏడ్శినవ్. గా మాటెందుకన్నవ్?"

"నోట్లకెళ్లి అదే అచ్చింది. నేను అనలే" అంది.

రెండు రోజులకు మా పెద్దమనుషులు, వాళ్ల పెద్దమనుషులు కొట్టం ముందు నులక మంచాల మీద కూర్చున్నారు. ఎవరూ కేకలు వేయలేదు. కర్రలు ఎత్తి కొట్టుకుని ఉంటే బాగుండేదేమో, మధ్యలో ఏదైనా దారి దొరికేది. అదే పాలతో కాచిన చాయ్ తాగుతూ, ఎంతో మర్యాదగా, ఇది కుదరదని రెండు పక్కలా ఒప్పుకున్నారు. అత్తను రాజూ అని పిలిచే బా ఆమె చెయ్యి పట్టుకుని, "తూ మేరీ బేటీ హై, నువ్వు నా బిడ్డవే. కానీ మా కులం మమ్మల్ని బయట పెడితే మా పశువులకు బావి కూడా ఉండదు రాజూ" అన్న అర్థం వచ్చేలా ఏదో చెప్పి ఏడ్చింది. జీవణ్ కాకా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఒక్కసారి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. ఆ నోరు మూసుకోవడాన్ని నేను చాలా ఏళ్లు క్షమించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఒక్క మాట వెనక వాడలోని అన్ని పశువుల దాహం ఉన్నప్పుడు మనిషి నోరు ఎంతవరకు తెరుస్తాడు అనిపిస్తుంది. అత్తను ఎవరూ ఏమీ అడగలేదు. నెల తిరక్కుండా బాపు వేరే షెడ్డులో పని చూసుకుని మమ్మల్నందరినీ లింబాయత్‌కు మార్చాడు.

లింబాయత్‌లో గోడ అవతల బర్రెలు లేవు. గోడ అవతల ఇంకో గోడ. అత్త మళ్లీ కండెల దగ్గర కూర్చుంది, దగ్గు మళ్లీ వచ్చింది, ఇక పోలేదు. ఊళ్లో ఒక సంబంధం చూసి బాపు అడిగితే, "గా మాట నాకు ఒక్కపారే అచ్చిందన్నా. మల్ల రాదు" అంది. బాపు మళ్లీ అడగలేదు. ఆయన చెడ్డవాడు కాదు. పోయేముందు కూడా అత్త చేతినే పట్టుకున్నాడు. ప్యాకెట్ పాలు అత్తకు నచ్చేవి కావు, ముఖం చిట్లించుకుని తాగేది. ఒకనాడు, మేం వచ్చిన ఏడాదికో ఏమో, పల్సానా నుంచి పాలు తెచ్చి మా సందుల్లో పోసే మనిషి మా గుమ్మం ముందు మోటార్ సైకిల్ ఆపి, "రాజూబెన్ ఎవరు?" అని అడిగి ఈ గిన్నె చేతికిచ్చాడు. నిండా జున్నుపాలు. బాపు చూశాడు, చూడనట్టు లోపలికి వెళ్లాడు. అత్త అవి కాచి, బెల్లం వేసి, సందంతా పంచింది. మర్నాడు సర్వపిండి కాల్చి గిన్నె తిప్పి పంపింది.

అంతే వాళ్ల కాపురం. బర్రె ఈనినప్పుడల్లా గిన్నె వచ్చేది, సర్వపిండితో పోయేది. అందులో వేరే ఏ కబురూ ఉండేది కాదు. గిన్నె వస్తే ఆయన బతికున్నట్టు, గిన్నె తిరిగి పోతే ఈమె బతికున్నట్టు. మధ్యలో నా పెళ్లయింది, పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగం వచ్చింది, అదీ అయిపోయింది. పల్సానాలో మేత బీళ్లు అమ్ముడుపోయి రంగుల మిల్లులు వచ్చాయి. వాడలోని వాళ్లు చాలామంది బర్రెలు అమ్ముకుని హజీరా కంపెనీల్లో కాపలా పనులకు, డ్రైవర్ పనులకు పోయారు. గిన్నె రావడం పలచబడింది. రాని ఏడాది అత్త ముఖం చూడలేకపోయేవాళ్లం. ఒకసారి నేను ఉండబట్టలేక, "నేను తోలుకపోత, చూసొద్దాం పా అత్తా" అంటే, "ఏం జూస్తం బిడ్డా? ముసలి మొకాలు" అని రాట్నం వైపు తిరిగింది. చివరిసారి గిన్నె వచ్చినప్పటికి ఆమె మంచంలో ఉంది. లేచి నాలుగు సర్వపిండ్లు కాల్చి పంపుతానంటూనే ఉంది, లేవలేకపోయింది.

అందుకని నేనే పిండి కలిపాను. నువ్వుల డబ్బా తీస్తే ఖాళీ. ఇంట్లో ఉన్నవన్నీ దినాల తర్పణాలకే అయిపోయాయి. సరే, లేకుండానే కాల్చి, గిన్నె నింపి, షేర్ ఆటోలు మారుకుంటూ పల్సానా వెళ్లాను. మా గదులు లేవు, షెడ్డు లేదు. నడుమెత్తు గోడ ఉన్నచోట ఏనుగెత్తు ప్రహరీ, దాని పక్క కాలవలో ఆ రోజు ఏ గుడ్డకు వేశారో ఆ రంగు నీళ్లు. రెండు మిల్లుల మధ్య సందులో రేకుల పాక. అందులో నాలుగు బర్రెలు, టెంపోలో కొని తెచ్చిన గడ్డి. మంచం మీద జీవణ్ కాకా. కళ్లు మసక, చెవులు దాదాపు లేవు. పాగా మాత్రం ఉంది. ఆయన కోడలు నన్ను ఎరగదు, గిన్నెను ఎరుగును. చూడగానే లోపలికి రమ్మంది.

కాకా గిన్నెను రెండు చేతులతో తడిమాడు, సొట్ట మీద వేలు పెట్టి నవ్వాడు. మూత తీసి ఒక ముక్క తుంచుకుని నోట్లో వేసుకుని చాలాసేపు నానబెట్టాడు. "తల్ భూలీ గయీ" అన్నాడు. నువ్వులు మర్చిపోయింది అని. "ముసలిదైపోయింది రాజూ" అని హిందీలో నాతో అని, ఆటపట్టిస్తున్నట్టు తలూపాడు. చెవి దగ్గర వంగి గుజరాతీలో చెప్పాను, అత్త ఇక లేదని. ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మళ్లీ చెప్పాను. కోడలికి అర్థమై కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఇంకా నా వైపే చూస్తున్నాడు. మూడోసారికి నాకు గుజరాతీ రాలేదు, హిందీ రాలేదు. "పోయింది కాకా. మా అత్తకు పాడె కట్టినం, పాడె" అని తెలుగులో అరిచేశాను.

ఆయన ముఖం విచ్చుకుంది. "పాడీ?" అన్నాడు. "పాడీ ఆవీ?" ఆ రెండు మాటల తేడా ఆ వాడలో ఆయన కంటే బాగా తెలిసినవాళ్లు లేరు. నిజంగానే వినబడలేదో, వినడం ఇష్టం లేదో నాకు తెలియదు. "బహు సారూ, బహు సారూ" అంటూ గిన్నె మూత కోసం మంచమంతా తడుముకున్నాడు. సర్వపిండి పళ్లెంలోకి తీయించి, గిన్నె కడిగి పాలు పోయమని కోడలికి చెప్పాడు. రాజూకు ఇవ్వాలట. ఆమె నా వంక చూసింది. నేను తలూపాను. ఆమె ఏడుస్తూనే అంచు దాకా పోసింది.

ఆటోలో ఎవరి మోచెయ్యీ తగలకుండా ఒడిలో పట్టుకుని తెచ్చాను. పాలు కాచి, ముందు అత్త ఫొటో దగ్గర పెట్టి, తర్వాత ఇంటిల్లిపాదికీ పోశాను. ఇంత చిక్కటి పాలు ఎక్కడివని మా అబ్బాయి అడిగాడు. ఈసారి వాడికి మొదటి నుంచి చెప్పాను. గిన్నె తోమి వంటింటి అరుగు మీద బోర్లించాను. అక్కడ ఆయన ఎదురు చూస్తుంటాడు, దాన్ని ఎక్కువ రోజులు ఉంచుకోలేను, ఖాళీగానూ పంపలేను. రేపు బజారుకు వెళ్లాలి. ఈసారి నువ్వులు మర్చిపోకూడదు.